క్రియాటినిన్ 1.5, మూత్రంలో ప్రొటీన్: నేను తల్లిని కావచ్చా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి మళ్ళీ చెబుతాను. మీకు 29 ఏళ్ళు. నాలుగేళ్ళ క్రితం బయాప్సీలో ఐజీఏ నెఫ్రోపతీ (ఐజీఏ అనే యాంటీబాడీ కిడ్నీ వడపోత భాగాల్లో పేరుకుని దెబ్బతీసే జబ్బు) అని తేలింది. ఏడాదిగా క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో ఎక్కువుంటే కిడ్నీ తక్కువ పనిచేస్తున్నట్టు) 1.5 దగ్గరే నిలకడగా ఉంది. మూత్రంలో రోజుకు 1.2 గ్రాముల ప్రొటీన్ పోతోంది. టెల్మిసార్టాన్‌తో బీపీ అదుపులో ఉంది. పిల్లలు కావాలనుకుంటున్నారు. ఒక డాక్టర్ "ఆ ఆలోచనే మానుకోండి" అన్నారు, ఇంకొకరు "ఏం ఫర్వాలేదు, ప్రయత్నించండి" అన్నారు. ఎవరి మాట వినాలని అడుగుతున్నారు.

సూటిగా చెబుతాను. మీరు తల్లి కావచ్చు. అయితే ఈ నెలలో వద్దు, ఇప్పుడు వాడుతున్న మందుల మీద అసలే వద్దు. ఆరు నెలలు ముందుగా సిద్ధమై మొదలుపెడితే, ఆరోగ్యంగా ఉన్న బిడ్డను ఇంటికి తెచ్చుకునే అవకాశం మీకు బాగా ఉంది. అదే సమయంలో నెలలు నిండకముందే కాన్పు రావడం, బీపీ పెరగడం, మీ కిడ్నీ పనితనం కొంత తగ్గి మళ్ళీ వెనక్కి రాకపోవడం అనే మూడు ప్రమాదాలూ ఉన్నాయి. మొదటి డాక్టర్ మీకు ఆశ ఉన్న సంగతి చెప్పలేదు, రెండో డాక్టర్ ప్రమాదం సంగతి చెప్పలేదు. మీకు రెండూ తెలియాలి.

నేను కిడ్నీ డాక్టర్‌ని. గైనకాలజిస్టులతో కలిసి ఇలాంటి గర్భిణులను చాలాకాలంగా చూస్తున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవం నుంచే. మీ రిపోర్టులు చేతిలో పట్టుకుని మిమ్మల్ని పరీక్షించిన డాక్టర్ మాటకు ఇది ప్రత్యామ్నాయం కాదు. ఆ డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

గర్భం వచ్చిన కొద్ది వారాలకే కిడ్నీలకు వెళ్ళే రక్తం పెరుగుతుంది. వడపోత మామూలు కంటే దాదాపు 50 శాతం ఎక్కువవుతుంది. కిడ్నీల సైజు కూడా ఒక సెంటీమీటరు వరకు పెరుగుతుంది. అందుకే ఏ జబ్బూ లేని గర్భిణికి క్రియాటినిన్ 0.4 నుంచి 0.6 దాకా దిగిపోతుంది. కిడ్నీ ఇప్పటికే దెబ్బతిని ఉంటే ఈ అదనపు పని చేసే సత్తా దానికి పూర్తిగా ఉండదు. ఎంతవరకు చేయగలదన్న దాన్నిబట్టే తల్లికీ బిడ్డకూ ఎలా ఉంటుందన్నది చాలావరకు తేలుతుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పట్టించుకోకుండా వదిలేయడం చాలాసార్లు చూశాను. ల్యాబ్ రిపోర్టులో క్రియాటినిన్ అంకె పక్కన 0.6 – 1.1 అంటూ నార్మల్ పరిధి ఉంటుంది. మూడో నెల గర్భిణికి 0.95 వచ్చిందనుకోండి. ఆ అంకె మామూలుగానే అచ్చవుతుంది, దాని పక్కన 'ఎక్కువ' అనే గుర్తు పడదు. చూసినవాళ్ళు "నార్మల్" అని ఫైల్లో పెట్టేస్తారు. కానీ ఆ పరిధి గర్భం లేని వాళ్ళది. గర్భంలో 0.87 దాటిందంటే కారణం వెతకాల్సిందే. తమకు కిడ్నీ జబ్బు ఉందన్న సంగతే తెలియని ఎందరో మొదటిసారి బయటపడేది ఇక్కడే. ఇంకో సంగతి, గర్భంలో ఈజీఎఫ్‌ఆర్ (క్రియాటినిన్‌ను బట్టి లెక్కగట్టే కిడ్నీ వడపోత వేగం) అంకెను నమ్మవద్దు. ఆ లెక్క గర్భిణులకు వర్తించదు. క్రియాటినిన్‌నే వరుసగా చూసుకుంటూ పోవాలి.

మీ విషయంలో ఇప్పటి 1.5కు ఈజీఎఫ్‌ఆర్ సుమారు 48 వస్తుంది. అంటే కిడ్నీ జబ్బుకున్న ఐదు దశల్లో మూడో దశ, అందులోనూ మొదటి సగం. గర్భం వచ్చాక మొదటి మూడు నెలల్లో మీ క్రియాటినిన్ 1.5 నుంచి 1.2కో 1.3కో దిగితే అది మంచి సూచన. కదలకుండా అక్కడే ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి. పెరిగితే వెంటనే కారణం వెతకాలి.

ప్రమాదం ఎంత అన్నది నాలుగు సంగతుల మీద ఆధారపడుతుంది: కిడ్నీ ఎంత పనిచేస్తోంది, ప్రొటీన్ ఎంత పోతోంది, బీపీ ఎలా ఉంది, అసలు జబ్బు చల్లబడి ఉందా లేక రగులుతోందా.

మొదటి రెండు దశల్లో ఉండి, బీపీ మామూలుగా ఉండి, ప్రొటీన్ పెద్దగా పోని వాళ్ళలో గర్భం వల్ల కిడ్నీ శాశ్వతంగా పాడవడం అరుదు. ప్రీఎక్లాంప్సియా (గర్భం సగం దాటాక బీపీ పెరిగి తల్లి అవయవాలను దెబ్బతీసే జబ్బు), నెలలు నిండని కాన్పు మాత్రం వాళ్ళలోనూ ఇతరుల కంటే ఎక్కువే. మూడో దశకు వచ్చేసరికి సుమారు సగం మందికి 37 వారాలు నిండకముందే కాన్పు అవుతుంది. ఎక్కువమందికి 34 వారాలు దాటాకే అవుతుంది కాబట్టి బిడ్డలు కోలుకుంటారు. కొందరు బిడ్డలను మాత్రం కొన్నాళ్ళు ఐసీయూలో ఉంచాల్సి వస్తుంది. క్రియాటినిన్ 2 దాటిన వాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి గర్భం తర్వాత కిడ్నీ వేగంగా పడిపోతుందని 1990ల నాటి పరిశీలనల్లోనే తేలింది. ఆ తర్వాత ఇటలీ డాక్టర్లు 2007లో ఇంకో సంగతి చూపించారు: ఈజీఎఫ్‌ఆర్ 40 లోపు ఉండటం, ప్రొటీన్ రోజుకు ఒక గ్రాము దాటడం, ఈ రెండూ కలిసి ఉన్నవాళ్ళలో కిడ్నీ ఎక్కువగా దెబ్బతింది. రెండింటిలో ఒక్కటే ఉన్నవాళ్ళలో అంతగా కాదు.

మీ ప్రొటీన్ ఒక గ్రాము దాటింది, ఈజీఎఫ్‌ఆర్ మాత్రం 40 పైనే ఉంది. అంటే ప్రమాదపు గీతకు ఇవతలే ఉన్నారు, కానీ దానికి మరీ దూరంగా లేరు. అందుకే ఆరు నెలలు అడుగుతున్నాను. ప్రొటీన్‌ను గ్రాము లోపుకి, వీలైతే అర గ్రాముకి దించగలిగితే మీ పరిస్థితి చెప్పుకోదగ్గంత మారుతుంది.

అలాగని సంవత్సరాల తరబడి వాయిదా వేయమని అనను. ఆలస్యంలోనూ ప్రమాదం ఉంది. మీ జబ్బు ఏటా కొద్దికొద్దిగా ముందుకు పోయేదే. ఈ రోజు 1.5తో మొదలుపెట్టే గర్భం వేరు, ఐదారేళ్ళ తర్వాత 2.4తో మొదలుపెట్టేది వేరు. "ఇంకా వయసుంది కదా, తర్వాత చూద్దాం" అన్న సలహా కిడ్నీ జబ్బు లేనివాళ్ళకు సరిపోవచ్చు, మీకు సరిపోదు. పిల్లలు కావాలని మీకు గట్టిగా ఉంటే సిద్ధమయ్యే పని ఇప్పుడే మొదలుపెట్టండి.

ఇప్పుడు మందులు. అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది వీటి దగ్గరే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి ఒక గుంపు. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి ఇంకో గుంపు. రెండూ ప్రొటీన్ లీక్‌ను తగ్గించి కిడ్నీని కాపాడతాయి. కానీ నాలుగో నెల తర్వాత ఇవి కడుపులోని బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఉమ్మనీరు తగ్గిపోతుంది, ఊపిరితిత్తులు సరిగ్గా ఎదగవు. కాబట్టి గర్భంలో ఇవి ఉండకూడదు. మరి ఎప్పుడు ఆపాలి? ప్రయత్నం మొదలుపెట్టిన నాడే ఆపేస్తే, గర్భం రావడానికి ఏడాది పట్టిందనుకోండి, ఆ ఏడాదంతా మీ కిడ్నీకి ఆ రక్షణ లేనట్టే. మీలా ప్రొటీన్ ఎక్కువగా పోయేవాళ్ళకు ఇది చిన్న నష్టం కాదు.

నేను సాధారణంగా చేసేది ఇది: టెల్మిసార్టాన్ గుంపు మందును ప్రయత్నానికి ముందే మార్చేస్తాను. పీరియడ్స్ క్రమంగా వచ్చే మహిళ అయితే రామిప్రిల్ గుంపు మందు మీదికి మారుస్తాను. డేట్ ఒకటి రెండు రోజులు దాటగానే ఇంట్లో టెస్ట్ చేసుకోవాలి, పాజిటివ్ వచ్చిన రోజే ఆ ట్యాబ్లెట్ ఆపి, గర్భంలో వాడదగ్గ బీపీ మందులైన లబెటలాల్ లేదా నిఫెడిపిన్ మొదలుపెట్టాలి. ఆ చీటీ ముందే రాసి ఆమె చేతికి ఇస్తాను. నెలసరి క్రమం తప్పే వాళ్ళకూ, ఇంత కచ్చితంగా చూసుకోవడం కుదరదనుకునే వాళ్ళకూ ఈ పద్ధతి వద్దు. వాళ్ళకు ముందుగానే లబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపాల్లో సరిపడేదానికి మార్చేస్తాను. ఏది మీకు సరైనదో మీ డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోండి. మీ అంతట మీరు టెల్మిసార్టాన్ ఆపేయకండి. బీపీ పైకెళ్ళి కూర్చుంటే అదీ ప్రమాదమే.

ఒకవేళ తెలియకుండా ఈ మందుల మీదే గర్భం వచ్చిందని ఐదారు వారాలకు తెలిస్తే? కంగారు పడవద్దు. ఆ రోజే ఆపి డాక్టర్‌ని కలవండి, తర్వాత 20 వారాల దగ్గర వివరమైన స్కాన్ చేయించుకోండి. ఈ ఒక్క కారణంతో గర్భం తీయించుకోవాల్సిన పని లేదు. "ఆ ట్యాబ్లెట్ వేసుకున్నావు, బిడ్డకు లోపం ఖాయం" అని ఎవరో అనగానే అబార్షన్‌కు సిద్ధపడి వచ్చిన వాళ్ళను చూశాను. దయచేసి అలాంటి మాట విని నిర్ణయం తీసుకోకండి.

మిగతా మందుల్లో మైకోఫెనోలేట్ (రోగనిరోధక శక్తిని అణిచే మందు) విషయంలో మాత్రం ఏ వెసులుబాటూ లేదు. అది బిడ్డకు పుట్టుకతో లోపాలు తెస్తుంది, గర్భస్రావాలు పెంచుతుంది. ప్రయత్నానికి కనీసం ఆరు వారాల ముందు ఆపాలి. నేను మూడు నెలల ముందే అజాథయోప్రిన్‌కు మార్చి, జబ్బు ఆ మందు మీద నిలకడగా ఉందో లేదో చూస్తాను. సైక్లోఫాస్ఫమైడ్ కూడా కుదరదు. అది అండాల నిల్వను సైతం తగ్గిస్తుంది కాబట్టి చిన్న వయసులో ఇచ్చే ముందే పిల్లల గురించి మాట్లాడి ఉండాలి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి, ఫినెరెనోన్, స్పైరనోలాక్టోన్ ఆపాలి. కొలెస్ట్రాల్ కోసం వేసే స్టాటిన్లు కూడా సాధారణంగా ఆపేస్తాం.

ఆపకూడని మందులూ ఉన్నాయి, ఇవి ఇంకా ముఖ్యం. ప్రెడ్నిసొలోన్, అజాథయోప్రిన్, టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ గర్భంలో వాడుకోవచ్చు. లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) వల్ల కిడ్నీ దెబ్బతిని, రెండేళ్ళుగా చక్కగా అదుపులో ఉన్న ఒక అమ్మాయి, టెస్ట్ పాజిటివ్ రాగానే బిడ్డకు మంచిదని మందులన్నీ ఒకేసారి మానేసింది. నాలుగో నెలలో కాళ్ళు, మొహం వాచి వచ్చింది, ప్రొటీన్ విపరీతంగా పోతోంది. జబ్బు మళ్ళీ రగిలింది. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్‌తో అదుపులోకి తెచ్చాం, బిడ్డ 33 వారాలకు పుట్టి కోలుకుంది. ఆపకూడని ఆ మందులు కొనసాగించి ఉంటే ఇంత కష్టం వచ్చేది కాదని నా నమ్మకం. కాబట్టి ఒక కాగితం మీద రెండు వరుసలు రాయించుకోండి: పాజిటివ్ రాగానే ఆపాల్సినవి, ఏం జరిగినా ఆపకూడనివి.

కొత్తగా చేర్చేవి రెండు. ప్రయత్నానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్. గర్భం వచ్చాక 12 వారాల నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్, రోజుకు 75 నుంచి 150 మిల్లీగ్రాములు, రాత్రిపూట. ఇది ప్రీఎక్లాంప్సియా అవకాశాన్ని తగ్గిస్తుంది, కానీ 16 వారాలలోపు మొదలుపెడితేనే బాగా ఉపయోగం. కిడ్నీ జబ్బు ఉన్న గర్భిణులకు, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, అందరికీ ఇస్తాను. "కిడ్నీకి నొప్పి మాత్రలు పడవు కదా, ఇదెందుకు" అని చాలామంది భయపడి మానేస్తారు. ఇంత తక్కువ మోతాదు కిడ్నీకి హాని చేయదు.

బీపీ మిషన్ ఒకటి కొనుక్కోండి. కూర్చుని, ఐదు నిమిషాలు ఆగి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి చూసి పుస్తకంలో రాయండి. గర్భంలో నేను 135/85 లోపు ఉంచాలని చూస్తాను. మామూలుగా మధ్య నెలల్లో బీపీ కొంచెం తగ్గుతుంది. మీకు ఆ తగ్గుదల కనిపించకపోతే అదీ ఒక సమాచారమే.

ఇక ప్రీఎక్లాంప్సియా. 20 వారాల తర్వాత బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ కనిపిస్తే మామూలు గర్భిణిలో అదేనని చెప్పేస్తాం. మీకు ప్రొటీన్ ముందే ఉంది. బీపీ జబ్బూ ముందే ఉంది. అప్పుడు ఎలా గుర్తుపట్టాలి? మా పనిలో కష్టమైన ప్రశ్న ఇదే. కిడ్నీ జబ్బే ముదిరిందా, మాయ నుంచి వచ్చిన ప్రీఎక్లాంప్సియానా అన్నదాన్నిబట్టి వైద్యం పూర్తిగా మారిపోతుంది. మొదటిదైతే గర్భం కొనసాగించవచ్చు, రెండోది ముదిరితే కాన్పే మందు. ప్లేట్‌లెట్లు, లివర్ టెస్టులు, బిడ్డ ఎదుగుదల, మాయకు రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్ అన్నీ కలిపి చూస్తాం. ఈ మధ్య పీఎల్‌జీఎఫ్ అనే రక్తపరీక్ష బాగా సాయపడుతోంది. మాయ దెబ్బతింటే అది పడిపోతుంది. కిడ్నీ మాత్రమే కారణమైతే సాధారణంగా పడిపోదు. ఇది అందుబాటులో ఉన్న చోట చూపించుకోగలిగితే మంచిది.

దీనికి మీవైపు నుంచి చేయగలిగిన పెద్ద సాయం ఒకటుంది. గర్భానికి ముందు మీ క్రియాటినిన్ ఎంత, ప్రొటీన్ ఎంత, బీపీ ఎంత, యూరిక్ యాసిడ్, ప్లేట్‌లెట్లు ఎంత అన్నది ఒకే పేజీలో రాసి ఉంచుకోండి. ఎనిమిదో నెలలో అర్ధరాత్రి క్యాజువాలిటీలో మిమ్మల్ని మొదటిసారి చూసే డాక్టర్‌కు ఆ పేజీ లేకపోతే, ఏది పాతదో ఏది కొత్తదో తెలిసే దారి ఉండదు. అవసరం లేని సిజేరియన్ జరగడమో, అవసరమైనది ఆలస్యం కావడమో ఇలాంటప్పుడే.

తగ్గని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు లేదా మసక, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఒక్కసారిగా మొహం చేతులు వాయడం, బిడ్డ కదలికలు తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి.

ప్రొటీన్ పెరుగుదల గురించి కూడా ముందే చెప్పి ఉంచుతాను, లేకపోతే టెన్షన్ పడతారు. గర్భంలో వడపోత పెరుగుతుంది, పైగా మీరు ప్రొటీన్ తగ్గించే మందు ఆపి ఉంటారు. కాబట్టి 1.2 గ్రాములు కాస్తా రెండు, రెండున్నర కావచ్చు. అదొక్కటే పెరిగి, క్రియాటినిన్, బీపీ, బిడ్డ ఎదుగుదల బాగుంటే గర్భాన్ని ఆపాల్సిన కారణం లేదు. మీలాంటి జబ్బే ఉన్న ఒకావిడకు ఏడో నెలలో ప్రొటీన్ మూడు గ్రాములు దాటింది. ఇంట్లో అందరూ హడలిపోయారు. క్రియాటినిన్ మాత్రం చెక్కు చెదరలేదు. వారం వారం చూసుకుంటూ 36 వారాల దాకా తీసుకెళ్ళాం. కాన్పు తర్వాత మందు మళ్ళీ మొదలుపెట్టాక కొన్ని నెలల్లో ప్రొటీన్ పాత స్థాయికి వచ్చింది. అయితే ప్రొటీన్ బాగా పోయి రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ 2.5 కంటే తగ్గితే కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అప్పుడు హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తాం, కాన్పు తర్వాత ఆరు వారాల దాకా కొనసాగిస్తాం.

గర్భంలో మిమ్మల్ని రెండు మూడు వారాలకోసారి, చివర్లో వారానికోసారి చూడాల్సి ఉంటుంది. ప్రతిసారీ బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్. తరచూ యూరిన్ కల్చర్ కూడా, ఎందుకంటే లక్షణాలు లేని ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా ఎక్కి నెలలు నిండని కాన్పుకు దారితీయగలదు. ఏడో నెల నుంచి బిడ్డ ఎదుగుదల స్కాన్లు దగ్గర దగ్గరగా. రక్తం తగ్గితే ఐరన్ ఇంజెక్షన్, అవసరమైతే రక్తం తయారీని పెంచే ఎరిత్రోపొయిటిన్, రెండూ గర్భంలో వాడవచ్చు. ఇదంతా కిడ్నీ డాక్టర్, గైనకాలజిస్ట్ ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోట, నవజాత శిశువుల ఐసీయూ ఉన్న చోట జరగాలి. ఇద్దరు డాక్టర్ల మధ్య మీరే కబుర్లు మోయాల్సి వస్తే ఆ ఏర్పాటు మార్చుకోండి.

తిండి గురించి ఒక్క మాట. కిడ్నీ కోసం ప్రొటీన్ తగ్గించి తింటూ ఉంటే, గర్భంలో దాన్ని అలాగే కొనసాగించవద్దు. బిడ్డకు ప్రొటీన్ కావాలి. ఎంత అన్నది డైటీషియన్ చెబుతారు. ఉప్పు మాత్రం తక్కువే.

ఈ ప్రశ్న చదివే ఇతరులకు వేరే జబ్బులు ఉండవచ్చు కాబట్టి క్లుప్తంగా. లూపస్ ఉన్నవాళ్ళు జబ్బు కనీసం ఆరు నెలలు పూర్తిగా చల్లబడి ఉన్నాకే ప్రయత్నించాలి. యాంటీఫాస్ఫోలిపిడ్, యాంటీ-రో అనే యాంటీబాడీల కోసం రక్తపరీక్షలు ముందే చేయించుకోవాలి. యాంటీ-రో ఉంటే బిడ్డ గుండె కొట్టుకోవడంలో అడ్డంకి రావచ్చు, దాన్ని స్కాన్‌తో కనిపెట్టుకుని ఉండాలి. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు హెచ్‌బీఏ1సీని (సుమారు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే అంకె) 6.5 దగ్గరికి తెచ్చుకోవాలి, కళ్ళు చూపించుకోవాలి. పాలిసిస్టిక్ కిడ్నీ (కిడ్నీల్లో నీటి బుడగలు పెరిగే వంశపారంపర్య జబ్బు) ఉన్నవాళ్ళలో ఎక్కువ రకాల్లో ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 50 శాతం. ఇది ముందే తెలుసుకుని జన్యు సలహా తీసుకోవచ్చు.

కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకు మంచి కబురు ఉంది. 1956లో కవల సోదరి కిడ్నీ తీసుకున్న ఈడిత్ హెల్మ్ అనే అమెరికా మహిళ 1958లో బిడ్డను కన్నారు. అప్పటి నుంచి ఇలాంటి తల్లులు వేల సంఖ్యలో ఉన్నారు. మార్పిడి తర్వాత కనీసం ఏడాది ఆగాలి, క్రియాటినిన్ 1.5 లోపు నిలకడగా, ప్రొటీన్ తక్కువగా ఉండాలి, ఈమధ్య రిజెక్షన్ (కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టడం) వచ్చి ఉండకూడదు. గర్భంలో టాక్రోలిమస్ స్థాయి పడిపోతుంది కాబట్టి తరచూ చూసుకోవాలి. పొత్తికడుపులో ఉన్న కొత్త కిడ్నీ నార్మల్ డెలివరీకి అడ్డు రాదు.

డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు గర్భం రావడమే కష్టం, వచ్చినా నిలబెట్టడం పెద్ద పోరాటం. నెలసరి సరిగా రాకపోవడం వల్ల ఆలస్యంగా తెలుస్తుంది. గర్భాన్ని గుర్తించే పరీక్షలో చూసే హెచ్‌సీజీ అనే హార్మోన్ శరీరం నుంచి సరిగా బయటికి పోదు కాబట్టి రక్తపరీక్ష కూడా తప్పుదారి పట్టించవచ్చు, స్కాన్‌తోనే నిర్ధారించాలి. అయినా అసాధ్యమేమీ కాదు. 2014లో కెనడా, అమెరికా డాక్టర్లు పోల్చి చూస్తే వారానికి 20 గంటలో అంతకంటే తక్కువో డయాలసిస్ చేయించుకున్నవాళ్ళలో 48 శాతం గర్భాల్లో బిడ్డ బతికితే, 36 గంటలు దాటి చేయించుకున్నవాళ్ళలో 85 శాతం గర్భాల్లో బతికింది. వారానికి ఆరు రోజులు మెషీన్ మీద గడపాలంటే ఎంత కష్టమో వాళ్ళకే తెలుసు. వీళ్ళలో చాలామందికి నేను ముందు మార్పిడి గురించి ఆలోచించమనే చెబుతాను.

"మానుకోండి" అనే సలహా గురించి నా అభిప్రాయం దాచుకోను. వద్దు అని తలుపు మూసేస్తే మహిళలు ఆగిపోరు, చెప్పకుండా దాస్తారు. ఐదో నెలలో, కాళ్ళ వాపుతో, అప్పటికీ పాత మందులే వేసుకుంటూ వచ్చిన వాళ్ళలో చాలామందిని అంతకుముందు ఎవరో తిట్టి పంపించి ఉంటారు. నిర్ణయం మీది, మీ భర్తది. మా పని ఉన్నదున్నట్టు చెప్పడం, ఏ దారి ఎంచుకున్నా వెంట ఉండటం. పూర్తి వివరం విన్నాక కొందరు వద్దనుకుంటారు, కొందరు మార్పిడి దాకా ఆగుతారు, కొందరు దత్తత తీసుకుంటారు. వాళ్ళ నిర్ణయాన్నీ నేను అంతే గౌరవిస్తాను. ఇంట్లోవాళ్ళ ఒత్తిడి వల్ల మాత్రం ఈ గర్భంలోకి దిగకండి. తర్వాతి సారి డాక్టర్ దగ్గరికి మీ భర్తను కూడా తీసుకెళ్ళండి. కిడ్నీ కొంత పోయే అవకాశం ఉందన్న మాట ఆయన కూడా తన చెవులతో వినాలి.

ఆ 'కొంత' ఎంత అంటారా? 2021లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం లెక్క ప్రకారం మీ దశలో ఉన్నవాళ్ళకు గర్భం వల్ల కిడ్నీ జబ్బు సుమారు ఒకటిన్నర, రెండేళ్ళు ముందుకు జరిగినట్టు అవుతుంది. అంటే డయాలసిస్ అవసరం ఎప్పుడో వచ్చేది ఆమేరకు ముందే రావచ్చు. ఇది సగటు. కొందరికి ఏమీ తగ్గదు, కొందరికి ఇంకా ఎక్కువ తగ్గుతుంది. బిడ్డ కోసం ఆ మాత్రం ఇవ్వడానికి సిద్ధమా అన్నది మీరే తేల్చుకోవాలి.

కాన్పు విషయానికొస్తే, కిడ్నీ జబ్బు ఉన్నంత మాత్రాన సిజేరియనే కానక్కర్లేదు. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం మోతాదును మాత్రం కిడ్నీనిబట్టి తగ్గించాలి. కాన్పు అయ్యాక నొప్పి కోసం డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ అలవాటుగా రాసేస్తారు. అవి మీకు పడవు. పారాసిటమాల్ అడగండి. ఈ మాట కేస్ షీట్ మీద పెద్ద అక్షరాలతో రాయించండి, మీతో ఉండేవాళ్ళకు కూడా చెప్పి ఉంచండి. బీపీ ఎక్కువగా పెరిగేది కాన్పు తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య, అంటే చాలామంది ఇంటికి వెళ్ళిపోయాక. ఆ వారం మిషన్‌తో చూసుకోవడం మానవద్దు.

పాలు ఇవ్వవచ్చు. ఎనలాప్రిల్ తల్లిపాలిస్తూ కూడా వాడుకోవచ్చు కాబట్టి కిడ్నీ రక్షణ మందు మళ్ళీ మొదలుపెట్టడానికి పాలు మాన్పించాల్సిన పని లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే పిల్లల డాక్టర్‌ను ఒకసారి అడిగి మొదలుపెడతాం. ప్రెడ్నిసొలోన్, అజాథయోప్రిన్, టాక్రోలిమస్ కూడా ఫర్వాలేదు, మైకోఫెనోలేట్ మాత్రం వద్దు. ఆరు వారాలకు, మూడు నెలలకు క్రియాటినిన్, ప్రొటీన్ తప్పకుండా చూపించుకోండి. బిడ్డ పనుల్లో పడి ఏడాదిపాటు తమ పరీక్షలు పూర్తిగా మర్చిపోయే తల్లులు చాలామంది.

సిద్ధమయ్యే ఈ ఆరు నెలల్లో గర్భం రాకుండా చూసుకోవాలి కదా, దానికి ఈస్ట్రోజన్ ఉండే మామూలు పిల్స్ వద్దు. అవి బీపీ పెంచుతాయి, ప్రొటీన్ పోయేవాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్నీ పెంచుతాయి. ప్రొజెస్టిరాన్ మాత్రమే ఉండే పిల్స్ లేదా కాపర్-టీ గురించి గైనకాలజిస్ట్‌ని అడగండి.

మీ పీరియడ్స్ క్రమంగా వస్తాయా, బయాప్సీ రిపోర్టులో మచ్చలు ఎంత శాతం అని రాశారు, గత మూడేళ్ళలో క్రియాటినిన్ ఏ ఏడు ఎంత ఉంది అన్నది కింద రాయండి. ప్రొటీన్ తగ్గించడానికి ఈ ఆరు నెలల్లో ఏం చేయవచ్చన్నది ఆ వివరాలు చూశాక ఇంకాస్త స్పష్టంగా చెప్పగలను.